వెనక చేయి మొద్దుబారడం ఎలా తగ్గిందంటే

ఐక్యూఫాయిల్ (అడుగున నీటిలో రెక్క ఉండే పలకపై తెరచాప పట్టుకుని సాగే విండ్‌సర్ఫింగ్) సాధనలో రెండో రేసుకే నా వెనక చేయి, అంటే తెరచాప కడ్డీ మీద వెనకవైపు పట్టుకునే చేయి, మొద్దుబారేది. నీళ్ల సీసా మూత కూడా తిప్పలేకపోయేవాణ్ణి. 8 చదరపు మీటర్ల తెరచాపకి బలం చాలట్లేదనుకుని నెలల తరబడి పుల్లప్‌లు తీశాను. ఏ తేడా లేదు.

అసలు లోపం తెరచాపలో ఉంది. డౌన్‌హాల్ తాడు (తెరచాపని కిందికి లాగి బిగించేది) వదులుగా ఉండటంతో గాలి విసురు వచ్చినప్పుడల్లా లాగుడంతా వెనక్కి జరిగి ఆ చేతిమీదే పడేది. ఇంకో రెండు సెంటీమీటర్లు బిగించాను. పైన వెనక అంచు కాస్త వదులైంది, అదే కావాలి.

తర్వాత హార్నెస్ తాళ్లు, అంటే నడుం పట్టీ కొక్కేనికి తగిలించుకునేందుకు కడ్డీకి కట్టినవి. కొక్కెం తగిలించి, ఒక్క క్షణం రెండు చేతులూ తేలిక చేయాలి. వెనక చేయి లాగుతుంటే తాళ్లు వెనక్కి, ముందు చేయి లాగుతుంటే ముందుకు, వేలెడు వెడల్పు చొప్పున జరపాలి. ఇది ఒడ్డున తెలియదు, నీళ్లమీదే చూడాలి.

నిన్న నాలుగు రేసులయ్యాక సీసా మూత నేనే తిప్పాను.