పాత మారుతి కొనేముందు మ్యాట్ ఎత్తి చూడండి

రొయ్యల గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. అందుకే కావలిలో మా ఇంటి నుంచి నేను బయలుదేరేది నాలుగు గంటలకు. గుంటల నీళ్లు పరీక్షించడం నా పని. ఆక్సిజన్ కొలిచే మీటరు, సీసాలు, కెమికల్స్ పెట్టె డిక్కీలో పెట్టుకుని ఒకరోజు తుమ్మలపెంట వైపు, ఒకరోజు రామాయపట్నం, చాకిచర్ల వైపు, ఇంకోరోజు అల్లూరు, ఇసకపల్లి వైపు వెళ్తాను. నేను వెళ్లేసరికి రైతు టార్చిలైటు పట్టుకుని గట్టు మీద నిలబడి ఉంటాడు. నీళ్లకు గాలి అందించే ఏరేటర్లు ఇంకో రెండు వేయాలా వద్దా అన్నది నా మీటరు చూసే తేల్చుకుంటాడు. కాబట్టి ఆ టైముకు నా బండి స్టార్ట్ కావాలి. పదేళ్లుగా అవుతూనే ఉంది. అది 2004 మోడల్ మారుతి 800. 2016లో 58,000 రూపాయలకు కొన్నాను.

"పాత కారు ఒకటి తీసుకుందామనుకుంటున్నా అన్నా, ఏం చూసుకోవాలి?" అని గుంటల దగ్గర కుర్రాళ్లు అడుగుతుంటారు. టీ తాగుతూ ముక్కలు ముక్కలుగా చెప్పినదాన్ని ఇక్కడ ఒకచోట పెడుతున్నాను. నాకు తెలిసింది 800 గురించే కాబట్టి దాని గురించే రాస్తాను. అయినా మిగతా పాత చిన్నకార్లకూ ఇందులో చాలావరకు పనికొస్తుంది.

ముందు డబ్బు సంగతి. మీ దగ్గర 90 వేలు ఉంటే 60 వేల బండి వెతకండి, 90 వేల బండి కాదు. మిగిలిన 30 వేలు కారు ఖరీదులో భాగమే అనుకోండి, కాకపోతే అది రెండు నెలలు ఆలస్యంగా ఖర్చవుతుంది. నాకు మొదటి రెండు నెలల్లో 21,400 అయింది. నాలుగు టైర్లు, బ్యాటరీ, టైమింగ్ బెల్టు, క్లచ్ ప్లేటు, వెనక బ్రేకు షూలు, రేడియేటర్ పైపులు. ఉన్నదంతా బండికే పోసినవాళ్లు ఇవన్నీ వాయిదా వేస్తారు, గుండు టైర్లతో హైవే ఎక్కుతారు. నాకు భయం వేసేది అక్కడే.

తర్వాత కాగితాలు. బండిని చూడకముందే ఆర్‌సీ ఫొటో పంపమని అడగండి. ప్రైవేటు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి. నా 2004 బండికి 2019లో ఒకసారి, 2024లో ఒకసారి అయింది. 15 ఏళ్లు దాటిన కారుకు రెన్యువల్ ఫీజు 2022 నుంచి 5,000. 2025లో 20 ఏళ్లు దాటినవాటికి దాన్ని 10,000 చేశారు. దానిమీద గ్రీన్ ట్యాక్స్ వేరే. "ఆర్‌సీ అయిపోయింది, మీరే చేయించుకోండి, ధర తగ్గిస్తా" అంటే ఆ తగ్గింపు ఫీజుకూ ఫిట్‌నెస్‌కు చేయించాల్సిన పనులకూ సరిపోతుందో లేదో లెక్కేసుకోండి. ఫైనాన్స్ తీరిపోయినా ఆర్‌సీలో ఫైనాన్స్ కంపెనీ పేరు అలాగే ఉండిపోతుంది. ఫారం 35, వాళ్ల ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న కాగితం) పెట్టి దాన్ని తీయించాకే డబ్బు మొత్తం ఇవ్వండి. పేరు మార్పు కాగితాలైన ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టించుకుని పేరు మార్చకుండా తిరిగేవాళ్లను చూశాను. చలానాలు పాతాయన పేరు మీదే వెళ్తుంటాయి, ప్రమాదం జరిగితే ఆయన మెడకే చుట్టుకుంటుంది. కొన్న నెలలోపు మీ పేరుకు మార్పించుకోండి.

నెంబరు ప్లేటు కూడా కొంత చెబుతుంది. ఏపీ 26 అంటే నెల్లూరు, ఏపీ 27 అంటే ప్రకాశం. 2019 నుంచి రాష్ట్రమంతా ఏపీ 39 సిరీస్ వచ్చింది. ఏపీ 26 ఉందంటే ఆ బండి ఈ ఉప్పుగాలిలోనే తిరిగి ఉండవచ్చు, కింద జాగ్రత్తగా చూడాలని అర్థం. తమిళనాడు నెంబరు బండ్లు తడ దాటి మన వైపు చవగ్గా వస్తుంటాయి. వాటికి అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్స్ కలుపుకుంటే ఆ చవక కాస్తా తగ్గిపోతుంది. ఇంకో సంగతి, 2015 డిసెంబరులో చెన్నైలో కార్లు ఎలా మునిగాయో అందరం చూశాం. మన దగ్గర కూడా 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు ఊళ్లలోకి నీళ్లొచ్చాయి. మునిగిన బండిని కనిపెట్టడానికి సీటు బెల్టును చివరిదాకా బయటికి లాగండి. పైన ఎంత కడిగినా ఆ చివరి జానెడులో బురద చార కనిపిస్తుంది. సీటు కింద పట్టాల మీద తుప్పు ఉందా, మూసిన కారులో తడి గోనెసంచి వాసన వస్తుందా అన్నది కూడా గమనించండి.

బండిని చూడటానికి ఉదయం వెళ్లండి. "మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దన్నా" అని ముందే చెప్పండి. వెళ్లగానే బోనెట్ మీద అరచెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకోరోజు వస్తామని చెప్పి వచ్చేయండి. చల్లటి ఇంజిన్ ఎలా అందుకుంటుందో చూడటానికే కదా మీరు అంత పొద్దున్నే వెళ్లింది. స్టార్ట్ చేయకముందు ఆయిల్ మూత తీసి లోపలివైపు చూడండి. పాలు కలిపిన టీ రంగులో జిగురు అంటుకుని ఉంటే ఆయిల్లో నీళ్లు కలుస్తుండవచ్చు, హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ పైభాగం బిగించేచోట వేసే సీలు) పని పడవచ్చు. స్టార్టయ్యాక పొగ నీలంగా వస్తే ఆయిల్ కాలుతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకపోతే ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ సిలిండర్ లోపలికి పోతోంది. స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి మెల్లగా నడిపితే ముందు చక్రం దగ్గర కటకట మంటే చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్లు అరిగాయి. ఇవి ఉన్నాయని బండి వద్దనుకోనక్కర్లేదు. 796 సీసీ, మూడు సిలిండర్ల ఇంజిన్ అది. ఓమ్నీలోనూ ఆ కుటుంబం ఇంజినే. 800 తయారీ 2014 జనవరిలో ఆపేశారు గాని, దీని పని తెలిసిన మేస్త్రి, దీని సామాను ఇప్పటికీ కందుకూరులో దొరుకుతారు, కనిగిరిలో దొరుకుతారు. ఇంజిన్ బాగు చేయించుకోవచ్చు.

బాగు చేయించడం కష్టమైనది బాడీ. తళతళలాడే కొత్త రంగు చూస్తే నేను ఇంకాస్త ఎక్కువసేపు వెతుకుతాను. జేబులో చిన్న అయస్కాంతం పలచటి గుడ్డలో చుట్టి పెట్టుకోండి. తలుపుల కింది అంచుల మీద, వెనక చక్రాల పైన వంపుల మీద ఆనిస్తూ పోండి. రేకు ఉన్నచోట పట్టుకుంటుంది, లప్పం దట్టించినచోట జారిపోతుంది. తర్వాత లోపలి మ్యాట్లు ఎత్తాలి. అమ్మేవాళ్లు కొందరు మొహమాటపెడతారు. అయినా నాలుగు వైపులా ఎత్తి, డిక్కీలో మ్యాట్ కూడా తీసి, స్క్రూడ్రైవర్ వెనక భాగంతో రేకును తట్టండి. మంచి రేకు ఠంగుమంటుంది, తుప్పు తిన్నది మొద్దుగా మోగుతుంది. బోనెట్ లేపి ముందు షాకబ్జార్బర్ల పైభాగం బిగించినచోట చుట్టూ చూడండి. అక్కడ రేకు పొరలు పొరలుగా లేచి ఉంటే ఇంజిన్ ఎంత బాగున్నా ఆ బండి కొనొద్దు. చక్రం తగిలే ప్రతి దెబ్బా మోసేది ఆ చోటే.

తుప్పు ఎంత తొందరగా తింటుందో నా బండిలోనే చూశాను. 2018లో కారేడు దగ్గర ఒక గుంట నుంచి ఐదు లీటర్ల క్యాన్లో శాంపిల్ తెస్తున్నాను. మూత సరిగ్గా పట్టలేదు. ఇంటికొచ్చేసరికి సగం క్యాను డిక్కీలో ఉంది. పైన గుడ్డతో తుడిచేసి, మ్యాట్ కింద చూడకుండా వదిలేశాను. ఆ ఏడాది వానలు అయ్యాక స్టెప్నీ తీసినప్పుడు మ్యాట్ కింద ఎర్రటి పొక్కులు కనిపించాయి. వేలితో నొక్కితే బిస్కెట్ లాగా పొడిపొడిగా రాలింది. స్క్రూడ్రైవర్ ఆనిస్తే కిందికి దిగిపోయింది, రంధ్రంలోంచి నేల కనపడింది. రెండున్నర లీటర్ల ఉప్పునీళ్లు చేసిన పని అది. మా మేస్త్రి వచ్చి చూసి, "పైన రేకు ముక్క అంటించి రంగేస్తే ఆర్నెల్లు కూడా రాదు అబ్బయా, శుభ్రమైన ఇనుము తగిలేదాకా కోయాల" అన్నాడు. అలాగే కోసి, కొత్త రేకు వెల్డింగ్ చేసి, ప్రైమర్ కొట్టి, అతుకుల్లో సీలెంట్ నింపి, అడుగున కోటింగ్ వేశారు. 4,200 అయింది. ఎనిమిదేళ్లయినా ఆ ముక్క గట్టిగానే ఉంది. అప్పటినుంచి క్యాన్లన్నీ రొయ్యలు పట్టే ప్లాస్టిక్ ట్రేలో పెడుతున్నాను. మీరు చేపలు తెచ్చినా, మైపాడు బీచికి వెళ్లి పిల్లలు తడి బట్టలతో ఎక్కినా, ఆ సాయంత్రమే మ్యాట్లు తీసి మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. తుప్పు పట్టిన రేకు మీదనే నల్లటి అండర్‌బాడీ కోటింగ్ కొట్టించొద్దు, లోపల తేమ నిలిచి ఇంకా తొందరగా తింటుంది. తలుపుల కింద నీళ్లు పోయే చిన్న రంధ్రాలుంటాయి. వానాకాలం ముందు వాటిలో చీపురుపుల్ల పెట్టి మట్టి తీసేయండి. దీనికి ఐదు నిమిషాలు చాలు.

ఇక రేడియేటర్. నీళ్ల పరీక్ష నా వృత్తి కాబట్టి ఇది కొంచెం వివరంగా చెబుతాను. కొన్న వారంలో ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీస్తే నీళ్లు ఇటుక రంగులో ఉన్నాయి. 50 మిల్లీలీటర్లు వడగట్టి గుంట నీళ్లకు చేసినట్టే కాఠిన్యం చూశాను. రంగు మారి చూపించే ఇండికేటర్ మందు వేయగానే ద్రాక్షరసం రంగు వచ్చింది. బ్యూరెట్ అనే కొలతగీతల గాజుగొట్టం నుంచి పరీక్ష ద్రావణం చుక్క చుక్క వేస్తున్నాను, నీలం రంగుకు తిరగడం లేదు. చివరికి తిరిగాక లెక్కేస్తే 1,100 పీపీఎం, అంటే లీటరుకు 1,100 మిల్లీగ్రాములు. తాగే నీళ్లలో వేరే దారి లేనప్పుడు కూడా 600 దాటనివ్వరు. పాత ఓనరు ఇంటి బోరు నీళ్లు పోసేవాడని తర్వాత తెలిసింది. మన తీరంలో బోరు నీళ్లు ఎక్కువచోట్ల ఇంతే. మన ఇళ్లలో గీజరు రాడ్డు మీద పట్టే తెల్లటి గార రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ పడుతుంది. నీళ్లు సరిగ్గా తిరగవు, వేడి బయటికి పోదు. 20 లీటర్ల క్యాను నీళ్లతో మూడుసార్లు నింపి, నడిపి, చల్లారాక వదిలాం. స్వచ్ఛంగా వచ్చాక రెడీమేడ్ కూలెంట్ పోశాం. పాత పైపులు మార్చాం. అప్పటినుంచి బోరు నీళ్లు ఒక్క గ్లాసు కూడా పోయలేదు. డిక్కీలో ఎప్పుడూ ఒక లీటరు కూలెంట్ ఉంటుంది.

అంత చేసినా రోహిణి కార్తెలో ఒకసారి టంగుటూరు దాటాక ఇంజిన్ వేడి చూపించే ముల్లు ఎర్రగీతకు ఎక్కింది. ఫ్యాను తిరగడం లేదు, ఫ్యూజు పోయింది. అలాంటప్పుడు ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా తిప్పి, అద్దాలు దించండి. ఇంజిన్ వేడి కొంత లోపలికి వస్తుంది. మీకు చెమట పడుతుంది గాని ఇంజిన్ బతుకుతుంది. పక్కకు ఆపి ఇంజిన్ కట్టేసి, ముప్పావుగంట ఆగండి. వేడి మీద రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. ఎండాకాలం రాకముందే ఇంట్లో పావుగంట ఇంజిన్ నడిపి ఫ్యాను దానంతట అది తిరుగుతోందా అని చూసుకుంటే ఈ టెన్షన్ ఉండదు. పది రూపాయల ఫ్యూజులు నాలుగు గ్లవ్‌బాక్సులో వేసుకోండి.

కొన్నాక మొదట మార్చాల్సింది టైమింగ్ బెల్టు. "మొన్ననే వేశాం" అని అమ్మేవాళ్లు చెబుతారు. బిల్లు ఉంటే నమ్మండి, లేకపోతే మార్చేయండి. తెగితే ఇంజిన్ అక్కడికక్కడే ఆగిపోతుంది, మీరు ఉదయగిరి రోడ్డులో అడవి మధ్య ఉన్నా సరే. టైరు పక్కన నాలుగంకెలు చూడండి. 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. గాడి ఎంత లోతుగా ఉన్నా ఆరేళ్లు దాటితే నేను మార్చేస్తాను. మన ఎండలకు రబ్బరు ఎండిపోతుంది. పెట్రోలు క్వార్టర్ ట్యాంకు కంటే తగ్గనివ్వొద్దు. ట్యాంకులో ఉండే పంపు పెట్రోలుతోనే చల్లబడుతుంది. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే వస్తోంది. ఈ బండ్లు దాని కోసం చేసినవి కావు. పాత రబ్బరు పెట్రోలు పైపులు ముందుగానే మార్పించండి, కారులో పెట్రోలు వాసన వస్తే ఆ రోజే చూపించండి. ఇథనాల్ తేమ పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి బండిని కదల్చకుండా పెట్టొద్దు.

మేస్త్రి విషయంలో ఒకటే చెబుతాను. ఒక్కరినే పట్టుకోండి. పని జరుగుతుంటే పక్కనే నిలబడి చూడండి, తీసిన పాత పార్టు చేతికి ఇమ్మనండి. నేను తేదీ, కిలోమీటర్లు, చేసిన పని, ఖర్చు ఒక నోటుబుక్కులో రాస్తాను. ఇప్పుడది మూడో బుక్కు. పోయిన ఏడాది నెలకు సగటున 1,350 పడింది, పెట్రోలు, ఇన్సూరెన్సు కాకుండా. కొత్త కారు వాయిదాతో పోల్చుకుంటే ఈ బండి నా ఇంటికి ఎంత ఆసరాగా ఉందో ఆ బుక్కులోనే కనిపిస్తుంది. ఇంకో ఆనందం కూడా ఉంది. కార్తీకమాసంలో మంచు పడుతుంటే నాలుగింటికి తాళం తిప్పగానే స్టార్టర్ ఒక్క తిప్పుకే అందుకుంటుంది. ఆ చప్పుడులో కాస్త బరువు వినిపిస్తే బ్యాటరీ తగ్గుతోందని నాకు అప్పుడే తెలిసిపోతుంది, వోల్టుమీటరు పెట్టి చూస్తే 12.6 వోల్టులు ఉండాల్సింది 12.2 ఉంటుంది. ఏ పనిముట్టునూ నేను ఇంత దగ్గరగా ఎరగను.

ఎప్పుడు వదిలేయాలో కూడా ముందే అనుకుని పెట్టుకోవాలి. షాకబ్జార్బర్ల పైన రేకు పోతే వదిలేస్తాను. చాసిస్ నెంబరు కొట్టినచోట తుప్పు వచ్చి అంకెలు చెదిరినా ఇబ్బందే. రెన్యువల్‌కు వెళ్తే కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్ది ఆ నెంబరు అచ్చు తీసుకుంటారు, అది చదవడానికి రాకపోతే పని ముందుకు సాగదు. నాకు మళ్లీ 2029లో ఉంది. వానలకు ముందొకసారి, తర్వాతొకసారి బోనెట్ లేపి ఆ అంకెలను పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, పలచగా గ్రీజు పూస్తున్నాను.