కాట్స్‌వోల్డ్స్ పల్లెలకు కారులో వెళ్తున్నారా?

ఇంగ్లండ్‌లోని కాట్స్‌వోల్డ్స్ పల్లెలు చూడాలంటే రోజుకు మూడు ఊళ్లకు మించి పెట్టుకోకండి. అక్కడా మనలాగే ఎడమవైపే నడపాలి. సందర్శకులకు మన లైసెన్సు 12 నెలల వరకు చెల్లుతుంది. చిక్కంతా పల్లె దారులతోనే. రెండు పక్కలా ఎత్తైన పొదల కంచెలు, మధ్యలో ఒక్క కారు పట్టేంత రోడ్డు. ఎదురుగా బండి వస్తే దగ్గర్లోని వెడల్పు జాగాలోకి తప్పుకోవాలి. ఆ జాగా మీ వెనకే దగ్గరగా ఉంటే రివర్సులో వెళ్లాల్సింది మీరే. దారి ఇచ్చినవారికి చెయ్యెత్తడం అక్కడి మర్యాద. మన హారన్ అలవాటు మాత్రం ఇక్కడే వదిలి వెళ్లండి! అద్దెకు చిన్న కారే తీసుకోండి. వేగ పరిమితి బోర్డులు మైళ్లలో ఉంటాయి. 30 అంటే దాదాపు 48 కిలోమీటర్లు.

బైబరీలో నేతగాళ్ల పాత ఇళ్ల వరుస ఆర్లింగ్టన్ రోకు టూరిస్టు బస్సులు రాకముందే, పొద్దున్నే చేరుకోండి. అప్పర్ స్లాటర్, లోయర్ స్లాటర్ మధ్య కారెందుకు? ఏటి వెంట కాలిబాట మైలు దూరమే. నా ఓటు మాత్రం నార్త్‌లీచ్‌కు. ఉన్ని వ్యాపారుల డబ్బుతో లేచిన చర్చి, నేలమీద వారి ఇత్తడి సమాధి ఫలకాలు. చాలా పబ్బుల్లో మధ్యాహ్నం తర్వాత సాయంత్రం దాకా వంట ఉండదు, రెండు లోపే భోజనం కానివ్వండి.