ఇంటి దగ్గరకే కారు డిటైలింగ్ – నాలుగో పాఠం: బేస్‌మెంట్‌లో రెండు బకెట్లతో బయటి వాష్

గత పాఠంలో సీట్లు, మ్యాట్లు, డ్యాష్‌బోర్డు అయిపోయాయి. ఈసారి బయటికి వద్దాం.

యూట్యూబ్‌లో డిటైలింగ్ వీడియోలు చూసి ఈ పనిలోకి వచ్చేవాళ్లకు ముందు కంటికి ఆనేది ప్రెషర్ వాషర్, బండి నిండా తెల్లటి నురగ. బెంగళూరులో మొదలుపెడుతున్నవాళ్లు ఆ మిషన్ ఇప్పుడే కొనకండి. మీ కస్టమర్ ఏ మారతహళ్లిలోనో, బెళ్లందూరులోనో, కాడుగోడిలోనో అపార్ట్‌మెంట్‌లో ఉంటారు. కారు రెండో బేస్‌మెంట్‌లో ఉంటుంది. అక్కడ కుళాయి ఉండదు, ఉన్నా దానికి తాళం. ప్లగ్ పాయింట్ సంగతీ అంతే. మీ నురగ పారి పక్క స్లాట్‌లోకి పోయిందంటే పది నిమిషాల్లో అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫోటో పడుతుంది. ఆ అపార్ట్‌మెంట్ గేటు మీకు మళ్లీ తెరుచుకోదు.

ఇక ఊరి నీళ్ల సంగతి. 2024 మార్చిలో నీటి కటకట వచ్చినప్పుడు బీడబ్ల్యూఎస్ఎస్‌బీ, అంటే ఇక్కడి నీటి బోర్డు, తాగే నీళ్లతో బండ్లు కడగడాన్ని నిషేధించింది. జరిమానా 5,000 రూపాయలు. ఆ ఏడాది అక్టోబరులో కావేరి ఐదో దశ నీళ్లు వచ్చినా, 2025 ఫిబ్రవరిలో అదే నిషేధం మళ్లీ పెట్టారు. కాబట్టి ఎండాకాలంలో ఈ వ్యాపారం నిలబడాలంటే తక్కువ నీళ్లతో కడగడం ముందే చేతికి అలవాటై ఉండాలి. మామూలు గార్డెన్ పైపు నిమిషానికి సుమారు పది లీటర్లు వదులుతుంది. పావుగంట తెరిచి ఉంచితే నూటయాభై లీటర్లు పోయినట్టే. మనం చేయబోయేది ఎనిమిది, పది లీటర్ల పని. దీన్ని రిన్స్‌లెస్ వాష్ అంటారు. పేరులో ఉన్నట్టే, చివర్లో నీళ్లు కొట్టి కడగక్కర్లేదు.

ఈ ద్రావణంలో మురికిని పట్టుకునే సర్ఫాక్టెంట్లు, గుడ్డ జారేలా చేసే పాలిమర్లు ఉంటాయి. మట్టి రేణువు చుట్టూ జారుడు పొర ఏర్పడుతుంది. గుడ్డ ఆ రేణువును పెయింట్ మీద రుద్దకుండా తనలోకి లాక్కుంటుంది. ఎంత కలపాలో సీసా మీదే ఉంటుంది. ఎక్కువగా కనిపించేది 1:256, అంటే ఏడున్నర లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు. ‘ఇంకొంచెం పోస్తే ఇంకా బాగా పోతుంది కదా’ అనిపిస్తుంది. పోయకండి. ఎక్కువైతే ఆరాక గీరలు గీరలుగా కనిపిస్తుంది, దాన్ని తుడవడానికి ఇంకో అరగంట.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, కారు రంగు మీద ఉండే క్లియర్ కోట్ మందం సాధారణంగా 35 నుంచి 50 మైక్రాన్లు మాత్రమే. మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు కూడా దాటదు. గాజులా మెరిసేదీ, గీతలు పడేదీ ఆ పొరే. పాలిష్ చేసిన ప్రతిసారీ అందులోంచే కొంచెం అరుగుతుంది. అందుకే గీతలు పడ్డాక తీయడం కంటే పడకుండా కడగడం నేర్చుకున్నవాడికే ఈ లైన్‌లో ఎక్కువ కాలం పని దొరుకుతుంది.

సామాను పెద్దగా లేదు. మూత ఉన్న బకెట్లు రెండు, రెండు లీటర్ల పంప్ స్ప్రేయర్ ఒకటి, 350 జీఎస్ఎం (చదరపు మీటరుకు 350 గ్రాముల బరువు) మైక్రోఫైబర్ గుడ్డలు పది, తుడిచి ఆరబెట్టడానికి మందపాటి టవల్ ఒకటి, చక్రాలకు వేరే రంగు గుడ్డలు మూడు, మంచి టార్చి. మోకాళ్ల కింద వేసుకోవడానికి పాత యోగా మ్యాట్ ముక్క ఉంటే మేలు. ఇవన్నీ స్కూటర్ మీద పడతాయి. సగం సామాను జేసీ రోడ్డులో దొరుకుతుంది. అక్కడ బేరం ఆడండి, గుడ్డల దగ్గర మాత్రం పొదుపు చూడకండి. కొనేముందు గుడ్డ అంచు చూడండి. గట్టి నైలాన్ దారంతో కుట్టి ఉంటే ఆ అంచే గీత పెడుతుంది. లేబుల్ ఉంటే కత్తిరించేయండి.

ఇప్పుడు పని. ముందు కారు చుట్టూ ఒక రౌండ్ తిరుగుతూ ఫోన్‌లో వీడియో తీయండి, ఓనర్ పక్కన ఉంటే ఇంకా మంచిది. టార్చిని పెయింట్‌కు ఎదురుగా కాకుండా ఏటవాలుగా పట్టండి. సాలెగూడులా గుండ్రటి సన్న గీతలు తేలతాయి. “ఇవి ముందు నుంచే ఉన్నాయి సార్” అని అప్పుడే చూపించాలి. కడిగాక చెబితే మీరే చేశారని అనుకుంటారు, అది సహజం.

ఒక బకెట్‌లో ద్రావణం కలిపి, శుభ్రమైన గుడ్డలన్నీ అందులో ముంచి ఉంచండి. రెండో బకెట్ వాడేసిన గుడ్డలకు. వాడిన గుడ్డను మళ్లీ మొదటి బకెట్‌లో పెట్టకూడదు, పద్ధతి మొత్తంలో ప్రాణం లాంటి నియమం ఇదే. పంప్ స్ప్రేయర్‌లోనూ అదే ద్రావణం పోసుకోండి.

చక్రాలతో మొదలుపెట్టి, ఆ గుడ్డలను పక్కన పడేసి, చేతులు కడుక్కోండి. బ్రేకుల నుంచి రాలే ఇనుప పొడి బాడీ మీదికి వస్తే గీతలు పెడుతుంది. ఆ తర్వాత పైకప్పు, అద్దాలు, బానెట్, డిక్కీ, డోర్ల పై సగం, చివర్లో డోర్ల కింది భాగం, బంపర్లు. పైనుంచి కిందికే రావాలి. ఎందుకంటే మట్టి అంతా కింద ఉంటుంది.

ఒక్క డోర్ దగ్గర ఆగి చూద్దాం. స్ప్రేయర్‌తో డోర్ అంతా తడపండి, ద్రావణం కిందికి జారేంతగా. రెండు నిమిషాలు వదిలేయండి. ఈ రెండు నిమిషాలే మన తరఫున సగం పని చేస్తాయి, ఇక్కడ తొందరపడితే గుడ్డ మీద భారం పడుతుంది. బకెట్‌లోంచి ఒక గుడ్డ తీసి, నీళ్లు కారేలా ఉండగానే, లేతగా పిండి, నాలుగు మడతలు వేయండి. అటూ ఇటూ కలిపి ఎనిమిది ముఖాలు దొరుకుతాయి. మొదటి ముఖాన్ని డోర్ మీద పెట్టి, గుడ్డ బరువుతోనే, ఒకే దిశలో నేరుగా లాగండి. వేళ్లతో నొక్కకండి, గుండ్రంగా తిప్పకండి. ఒక్క లాగుడు అయ్యాక ముఖం తిప్పి చూడండి, గోధుమరంగు చార ఉంటుంది. ఆ ముఖంతో ఇక పని లేదు, తరువాతిది తీసుకోండి. హ్యాండిల్ కింద గోళ్ల గీతలున్న గుంత, అద్దం కింది రబ్బరు అంచు దగ్గర ఇంకోసారి స్ప్రే కొట్టండి. ఎనిమిదీ అయిపోతే గుడ్డ రెండో బకెట్‌లోకి. వెంటనే పొడి టవల్‌ను డోర్ మీద పరిచి మెల్లగా లాగితే చాలు, రుద్దక్కర్లేదు. ఒక భాగం తుడిచి ఆరబెట్టాకే రెండోదానికి వెళ్లాలి.

గుడ్డ నేల మీద పడిందా? దులిపి వాడకండి. ఎంత కొత్తదైనా ఆ రోజుకి దాని డ్యూటీ అయిపోయింది.

ఈ పద్ధతి అన్ని కార్లకూ పనికిరాదు. కురుపాం నుంచో, అనంతపురం పొలాల నుంచో బురదతో వచ్చిన బండికి గుడ్డ తగిలించారంటే గీతలు ఖాయం. మట్టి పెళ్లలు కట్టి ఉంటే ముందు నీళ్లతో జార్చాల్సిందే. కస్టమర్‌కు ఆ మాట చెప్పి, దగ్గర్లోని వాటర్ వాష్‌లో పై మట్టి కొట్టించుకు రమ్మనండి. ఒక బేరం పోయినా మాట మిగులుతుంది. సంక్రాంతికి ఊరెళ్లి హైవే మీద తిరిగొచ్చిన బండ్ల బంపర్ మీద పురుగులు ఎండి అంటుకుని ఉంటాయి. వాటిని గోకకండి. తడి గుడ్డ పరిచి, పైన ద్రావణం చల్లి పది నిమిషాలు ఉంచితే మెత్తబడి వస్తాయి. పక్షి రెట్టకూ అదే మందు, కాకపోతే దాన్ని కొన్ని రోజులు వదిలేసినా క్లియర్ కోట్‌లోకి దిగి మచ్చ మిగులుతుంది. ఆ మచ్చ వాష్‌తో పోదని ముందే చెప్పండి.

బెంగళూరులో ఏడాది మొత్తానికి బండ్లు ఎక్కువగా కడిగేది ఆయుధ పూజకు. పూజ రోజుకి అన్ని బుకింగులూ ఒప్పుకుని తిప్పలు పడకండి, వారం ముందు నుంచే సర్దుకోండి. అసలు పని ఆ తర్వాతి వారంలో ఉంటుంది. బానెట్ మీద పసుపు, కుంకుమ, గంధం వారం రోజులు ఎండి ఉంటాయి. పసుపు మరక మీద బట్టల సోపుగానీ గిన్నెల సబ్బుగానీ వేయకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, తెల్ల చొక్కా మీద పడ్డ పప్పు మరకకు సబ్బు పెట్టినప్పుడు చూసే ఉంటారు. తెల్లకారు మీద అలా జరిగితే కస్టమర్‌కు టెన్షన్, మీకు అంతకంటే ఎక్కువ. మొదట పొడిని తడిపి, రుద్దకుండా గుడ్డతో అద్ది తీయండి. మరక మిగిలితే నీళ్లు కలిపిన ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను గుడ్డ మీద వేసుకుని, ముందు కనపడని మూల పరీక్షించి, అప్పుడు తుడవండి. పసుపు రంగు ఆల్కహాల్‌లో కరుగుతుంది. ఇంకా లేత ఛాయ ఉంటే వదిలేసి, కారును కొన్ని రోజులు ఎండలో పెట్టమనండి. ఎండకు పసుపు రంగు వెలిసిపోతుంది. ఇది చెబితే సగం మంది నమ్మరు. వారం తర్వాత ఫోన్ చేసి మీ నంబర్ ఇంకొకరికి ఇస్తారు.

ద్రావణం కలిపే నీళ్ల విషయం తేలిగ్గా తీసుకోవద్దు. బోరు నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువ. ఆరితే తెల్లటి చుక్కలు మిగులుతాయి, నల్లకారు మీద మరీ కొట్టొచ్చినట్టు. నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే, పెన్ను సైజు టీడీఎస్ మీటర్ ఒకటి జేబులో ఉంచుకోండి. వాన నీళ్లు పట్టుకునే ఏర్పాటున్న ఇల్లు మీదైతే అంతకు మించింది లేదు, టీడీఎస్ చాలా తక్కువ, ఎండాకాలం నిషేధంతో గొడవా ఉండదు. కొందరు ఓనర్లు పాపం మంచి మనసుతో ఆర్వో మిషన్ వదిలేసిన నీళ్లు బకెట్ నిండా పట్టి ఇస్తారు. ఆ నీళ్లలో ఉప్పులు అసలు నీళ్ల కంటే ఎక్కువ. చక్రాలకు వాడండి, బాడీ మీద వద్దు. అపార్ట్‌మెంట్ ఎస్‌టీపీ నీళ్లూ (శుద్ధి చేసిన మురుగునీళ్లు) అంతే, చక్రాల వరకే.

గేటు దగ్గర సెక్యూరిటీ అన్నకు బకెట్లు కనపడగానే అనుమానం వస్తుంది. “నీరు బేడ అణ్ణా, ఒందు బకెట్ సాకు” (నీళ్లు వద్దన్నా, ఒక్క బకెట్ చాలు) అని కన్నడంలో చెప్పి, మూత తీసి చూపించండి. మొదటిసారి వెళ్తున్న అపార్ట్‌మెంట్‌లో అయితే కస్టమర్ చేత అసోసియేషన్‌కు ఒక మెసేజ్ పెట్టించండి. అక్కడ రోజూ పొద్దున్నే బకెట్, పాత గుడ్డతో బండ్లు తుడిచే మనిషి ఒకరు తప్పక ఉంటారు. ఆయనతో పోటీ పడొద్దు, రేటులో మీరు గెలవలేరు, గెలవాల్సిన అవసరమూ లేదు. ఏ ఫ్లాట్ వాళ్లు కారును ప్రాణంగా చూసుకుంటారో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. పరిచయం చేసిన ప్రతి బేరానికీ ఇంత అని ముట్టజెప్పండి. రెండు మంచి గుడ్డలు కూడా ఇచ్చి మడతలు వేయడం చూపించండి, మీ కస్టమర్ కారే బాగుంటుంది.

రేటు. పక్కవాడు ఎంత తీసుకుంటున్నాడో చూసి యాభై తగ్గించడం అందరూ చేసేదే, అందుకే చాలామంది ఏడాది తిరక్కుండా మానేస్తారు. లెక్క వెనక నుంచి వేయండి. ఉదాహరణకు నెలకు 30,000 మిగలాలి. సెలవులు, ఆఖరి నిమిషంలో వద్దనేవాళ్లు పోను 21 రోజుల పని అనుకుందాం. రోజుకు సుమారు 1,430 మిగలాలి. పెట్రోలు, ద్రావణం, గుడ్డల అరుగుదల, ఫోన్ కలిపి రోజుకు 300 వేస్తే 1,730. రోజుకు మూడు కార్లు చేస్తే ఒక్కోదానికి 577, అంటే చిన్న కారుకు 600. కారు పనికి గంట పడుతుంది, మూడు కార్లంటే మూడు గంటలే కదా అనకండి. ఒక కారు మారతహళ్లిలో, రెండోది ఎలక్ట్రానిక్ సిటీలో ఉంటే సిల్క్ బోర్డ్ జంక్షన్ మీ మధ్యాహ్నాన్ని మింగేస్తుంది. మూడు రెండవుతాయి, అదే లెక్కలో కారుకు 865 రావాలి. ఆ రేటు ఎవరిస్తారు? అందుకే మొదటి ఆరు నెలలు అయిదు కిలోమీటర్లు దాటి బేరం ఒప్పుకోవద్దు. ఒకే అపార్ట్‌మెంట్‌లో ఒకే పూట మూడు కార్లు కుదిరితే ముగ్గురికీ తలా యాభై తగ్గించండి. పెద్ద కార్లకు గుడ్డలు, టైమ్ రెండూ ఎక్కువ పడతాయి, నూటయాభై కలపండి.

కాగితాల గురించి రెండు మాటలు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్, అంటే చిన్న వ్యాపారాలకు ప్రభుత్వ నమోదు, ఆన్‌లైన్‌లో ఉచితం, దానికి డబ్బులు అడిగే ఏజెంట్ల దగ్గరికి వెళ్లకండి. సేవల వ్యాపారానికి ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటేదాకా మామూలుగా జీఎస్టీ తీసుకోనక్కర్లేదు. ముద్ర రుణాల్లో శిశు విభాగం 50,000 వరకు ఇస్తుంది, కానీ ఈ పాఠంలోని సామానుకు అప్పు అవసరం లేదు.

సాయంత్రం గుడ్డలు ఉతికే పని మిగిలింది. మిగతా బట్టలతో కలపకండి, కాటన్ నూగు పట్టేస్తుంది. కంఫర్ట్ లాంటి ఫ్యాబ్రిక్ కండిషనర్ వేస్తే పీచు మూసుకుపోయి నీళ్లు పీల్చదు. వేడి ఇస్త్రీ అసలే వద్దు, పీచు కరిగి గట్టిపడుతుంది. నీడలో ఆరేయండి.

ఈ వారం అభ్యాసం: తెలిసినవాళ్ల పాత నల్లకారు ఒకటి అడగండి, తెల్లది వద్దు, తప్పులు కనిపించవు. బానెట్‌ను మధ్యలో టేపు వేసి రెండు సగాలు చేయండి. ఎడమ సగం ఈ పద్ధతిలో, కుడి సగం స్ప్రే కొట్టాక రెండు నిమిషాలు ఆగకుండా వెంటనే తుడవండి. రెండింటికీ వాడిన గుడ్డలు తెల్ల పళ్లెంలో విడివిడిగా జాడించి, అడుగున దిగిన ఇసుక చూడండి. ఆ తర్వాత టార్చి ఏటవాలుగా పట్టి, రెండు సగాలకూ ఫోటోలు తీసి పెట్టుకోండి. వచ్చే పాఠం క్లే బార్‌తో, అంటే పెయింట్‌కు అంటుకుపోయిన మురికిని లాగే మెత్తటి బంక ముద్దతో మొదలవుతుంది, ఆ బానెట్ మీదే.