దేవుని రాజ్యాన్ని తండ్రి ఇల్లుగా చదవడం: ఇంటి ప్రార్థన నడిపేవారి కోసం

మన ఒంగోలు, కందుకూరు ప్రాంతాల ఇంటి ప్రార్థనలలో "దేవుని రాజ్యం" అనే మాట వినగానే చాలామందికి మరణం తరువాత చేరబోయే పట్టణమో, సింహాసనం మీద కూర్చొని లెక్క అడిగే రాజో మనసులో మెదులుతారు. ఆ తలంపులకు వాక్యాధారం లేకపోలేదు. అయితే ఆ రాజును ఏమని పిలవాలో యేసు నేర్పినప్పుడు "తండ్రీ" అని పిలవమన్నాడు. ఈ రెండు మాటలను విడదీయకుండా నాలుగు వారాల కూటాలలో ఎలా చదవవచ్చో ఇక్కడ వ్రాస్తున్నాను.

మొదటి వారానికి కొత్త వాక్యభాగం వెతకనక్కరలేదు, పరలోక ప్రార్థన చాలు. అందరికీ కంఠతా వచ్చు కనుక గబగబా చెప్పేస్తారు; అందుచేత ఒక్కొక్క మాట దగ్గర ఆగి చదివించండి. "మా తండ్రీ" అన్న పిలుపు ముందు వస్తుంది, "నీ రాజ్యము వచ్చుగాక" అన్న మనవి దాని వెనుక వస్తుంది. "నా తండ్రీ" అనకుండా "మా తండ్రీ" అనమన్నాడు కనుక, గదిలో తలుపు వేసుకొని ఒంటరిగా ప్రార్థించేవాడు సైతం తోబుట్టువులను వెంటబెట్టుకొనే ఆయన ఎదుటికి వెళుతున్నాడు. తరువాత లూకా 12:32 తీయించండి: "చిన్న మందా భయపడకుడి, మీకు రాజ్యము అనుగ్రహించుటకు మీ తండ్రికి ఇష్టమైయున్నది." రాజు ప్రజల దగ్గర పన్ను తీసుకుంటాడు, రాజ్యాన్నే ఇచ్చేవాడు తండ్రి. ఎఫెసీ 2:19లో పౌలు "ఏక పట్టణస్థులు" అన్న వెంటనే "దేవుని యింటివారు" అన్నాడని కూడా చూపి ఆ వారం ముగించండి.

లూకా 15లోని తప్పిపోయిన కుమారుని ఉపమానానికి రెండు వారాలు ఇవ్వండి. ఆస్తిలో తన పాలు తీసుకొని వెళ్లి, అంతా పోగొట్టుకొని తిరిగి వచ్చిన చిన్న కొడుకు, అతనికోసం విందు చేసిన తండ్రి, దానికి కోపపడిన పెద్ద కొడుకు కథ అది. మన ప్రసంగాలు ఎక్కువగా చిన్నవాడు ఇంటికి చేరడంతోనే ఆగిపోతాయి, అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. చిన్నవాడు దారిలో సిద్ధం చేసుకున్న మాటలలో "నన్ను నీ కూలివారిలో ఒకనిగా పెట్టుకొనుము" అన్నది కూడా ఉంది. తండ్రి మెడ మీద పడి ముద్దుపెట్టుకున్న తరువాత అతడు తన పాపాన్ని ఒప్పుకున్నాడు గాని, ఆ కూలి మాట మాత్రం అతని నోట రాలేదు. దీనిని వివరించడానికి మనకు దూరపు ఉపమానం అవసరం లేదు. పొగాకు ఆరబెట్టే బ్యారన్ (కొట్టం) దగ్గర పనిచేసే కూలి మనిషి పొద్దు గూకగానే కూలి లెక్క చూసుకొని వెళ్లిపోతాడు, మరునాడు పని లేకపోతే ఆ గడపతో అతనికి సంబంధం లేదు. ఆ ఇంటి బిడ్డ మాత్రం పని చేసిన రోజూ చేయని రోజూ అదే కంచంలో తింటాడు.

ఇప్పుడు పెద్దవాని మాటలు చదివించండి. "ఇన్నియేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అంటాడు, తనకు ఒక మేకపిల్లనైనా ఇవ్వలేదని లెక్క తీస్తాడు. ఇల్లు విడిచి ఎన్నడూ వెళ్లని ఆ కొడుకు కూలివానిలా మాట్లాడుతున్నాడు. మనం కూడా సంఘంలో ఎన్నేళ్లు సేవ చేశామో చెప్పుకుంటాం కనుక ఈ భాగం దగ్గర తొందరపడకండి. ఇద్దరిని నిలబెట్టి, ఒకరిచేత "ఈ నీ కుమారుడు" అన్న పెద్దవాని మాటను, మరొకరిచేత "ఈ నీ తమ్ముడు" అన్న తండ్రి మాటను బిగ్గరగా చదివించండి. తమ్ముణ్ణి కాదన్నవాడు తండ్రి ఇంట జరిగే విందుకు బయటే నిలబడ్డాడని వినేవారు తామే గ్రహిస్తారు.

ఒక జాగ్రత్త అవసరం. తాగి కొట్టిన తండ్రి చేతిలో పెరిగినవారు మీ కూటం చాప మీద తప్పక ఉంటారు. "మీ నాన్నలాగే దేవుడూ" అని ఎన్నడూ అనవద్దు. దూరాన ఉండగానే చూసి పరుగెత్తిన ఈ తండ్రిని చూపి, వారికి సమయం ఇవ్వండి.

నాలుగో వారం మార్కు 10:29, 30 చదవండి. విడిచిపెట్టినవారి పట్టికలో తలిదండ్రులు ఉన్నారు. నూరంతలుగా పొందేవాటిలో ఇండ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు, తల్లులు, పిల్లలు, భూములు ఉన్నాయి గాని తండ్రులు లేరు. మత్తయి 23:9 ప్రకారం తండ్రి ఒక్కడే కనుక సంఘ పెద్దగాని, కూటం నడిపే మీరుగాని ఆ స్థానంలో కూర్చోలేరని నా అవగాహన. కనిగిరి, పొదిలి వైపు నుండి పనికోసం వలస వెళ్లేవారికి "ఇండ్లు" అన్న వాగ్దానం, ఎరుగని ఊరిలో తలుపు తీసే విశ్వాసి ఇల్లుగానే అర్థమవుతుంది.

మనమందరం ఒకే తండ్రి ఇంటివారమన్న ఈ మాటకు మన నేల మీదే ఖరీదు కట్టవలసి వచ్చింది. 1866లో ఒంగోలుకు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌకు, మాదిగ విశ్వాసులను చేర్చుకుంటే తాము దూరమవుతామని పై కులాలవారు తెలియజేశారు. ఆయన, ఆయన భార్య వేర్వేరుగా బైబిలు తెరిచినప్పుడు ఇద్దరికీ 1 కొరింథీ 1:26 కనబడిందని ఆయన చెప్పుకున్నారు. "సహోదరులారా" అన్న పిలుపుతో మొదలయ్యే ఆ వచనం, గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదంటుంది. ఆయన మాదిగ విశ్వాసులనే చేర్చుకున్నారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఈ నాలుగు వారాలూ కూటం ఒకే ఇంట్లో పెట్టవద్దు. ఒకే ఇంట్లో పెడితే ఆ ఇంటివారు ఎప్పుడూ పెట్టేవారుగా, మిగిలినవారు ఎప్పుడూ తినేవారుగా ఉండిపోతారు. ఇరుకు ఇల్లు అని సిగ్గుపడేవారి గుమ్మానికి రెండో వారంలోనే వెళ్లండి, వారు ఇచ్చిన నీళ్లు అక్కడే తాగండి, చివరి వారం అందరూ వండి తెచ్చినది ఒకే వరుసలో కూర్చొని తినండి.