మిషిగన్‌లో మంచు మొదలయ్యేలోగా కారు పాలసీ ఒకసారి తీసి చూడండి

అక్టోబర్ రాగానే ఇక్కడ అందరి నోటా స్నో టైర్ల మాటే. పాలసీ కాగితం మాత్రం ట్రాయ్, నోవై, కాంటన్‌లలో ఉన్న మనవాళ్లలో చాలామంది గుద్దుకున్నాకే మొదటిసారి చదువుతారు. "ఇక్కడి ఇన్సూరెన్స్ నో-ఫాల్ట్ (తప్పెవరిదన్నది చూడనిది) కదా, అంతా వాళ్లే ఇస్తారులే" అన్న ధీమా. నాదీ అదే ధీమా. ఓ జనవరిలో సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనకాయన ఐస్ మీద జారి గుద్దాడు. తప్పు ఆయనదే, డిక్కీ బాగుచేయించే ఖర్చు మాత్రం నాది. ప్రీమియం తగ్గుతుందని కొలిజన్ (గుద్దుకున్నప్పుడు మన కారు రిపేరుకిచ్చే కవరేజీ) తీసేశాను మరి.

1973 నుంచి అమల్లో ఉన్న ఈ నో-ఫాల్ట్ చట్టం ముఖ్యంగా ఒంటికి తగిలిన దెబ్బల కోసం. తప్పెవరిదైనా మీ వైద్యం ఖర్చు మీ పాలసీలోని పీఐపీయే (పర్సనల్ ఇంజురీ ప్రొటెక్షన్) భరిస్తుంది. పనికి వెళ్లలేకపోతే పోయిన జీతంలో 85 శాతం దాకా, ఒక పరిమితికి లోబడి, మూడేళ్ల వరకు ఇస్తుంది. మీ కారు రిపేరు దీని కిందకి రాదు. కొలిజన్ లేకపోతే తప్పు చేసిన డ్రైవర్ నుంచి 'మినీ టార్ట్' కింద రాబట్టుకోగలిగేది గరిష్ఠంగా 3,000 డాలర్లే.

కొలిజన్‌లో మూడు రకాలున్నాయి. చవగ్గా దొరికే 'లిమిటెడ్'తో చలికాలంలో జాగ్రత్త. తప్పు సగానికి మించి మీదైతే అది పైసా ఇవ్వదు. ఐస్ మీద మీ కారు తనంతట తాను జారి స్తంభాన్ని గుద్దితే తప్పు ఇంకెవరి మీద వేస్తారు? 'స్టాండర్డ్' తప్పెవరిదైనా డిడక్టిబుల్ (మన జేబులోంచి పెట్టుకోవాల్సిన వాటా) పోను ఇస్తుంది. 'బ్రాడ్' కూడా అంతే, పైగా తప్పు ఎక్కువగా అవతలివాళ్లదైతే డిడక్టిబుల్ కూడా అడగదు.

జింకల లెక్క వేరు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా, చీకటి పడే వేళ రోడ్డు మీదికి దూకేస్తుంటాయి. జింకను గుద్దితే, కొలిజన్ కిందకి రాని నష్టాలకు ఉండే కాంప్రహెన్సివ్ కవరేజీ ఇస్తుంది. దాన్ని తప్పించబోయి చెట్టును గుద్దితే అది కొలిజన్ అవుతుంది. బ్రేక్ గట్టిగా వేయండి, స్టీరింగ్ మాత్రం తిప్పకండి.

2020 జూలై నుంచి పీఐపీ ఎంతకి కావాలో మనమే ఎంచుకోవాలి: పరిమితి లేనిది, 5 లక్షల డాలర్లు, 2.5 లక్షలు, ఇలా. ప్రభుత్వ హెల్త్ ఇన్సూరెన్స్‌లైన మెడికెయిడ్, మెడికేర్ ఉన్నవాళ్లకు ఇంకా తక్కువ మొత్తంతో సరిపెట్టుకునే దారులున్నాయి. తల దెబ్బకి ఇక్కడి ఆసుపత్రి బిల్లు ఎలా ఉంటుందో తెలిస్తే చిన్న అంకె ఎంచుకోవడానికి చెయ్యి రాదు. ఆఫీసు హెల్త్ ఇన్సూరెన్స్ చూపించి పీఐపీ వైద్యం భాగాన్ని తీసేయించుకున్నవాళ్లు మరీ జాగ్రత్త. ఉద్యోగం పోతే ఆ టెన్షన్‌లో ఇది గుర్తుండదు, కానీ ఆ కవరేజీ పోయిన 30 రోజుల్లోగా పీఐపీ మళ్లీ తీసుకోవాలి.

అన్నిటికన్నా ముఖ్యం, అమ్మానాన్నలు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు ఈ రాష్ట్ర నివాసులు కారు. కాబట్టి నో-ఫాల్ట్‌ను మార్చిన 2019 చట్టం తర్వాత, ఇక్కడ సొంత పేరు మీద రిజిస్టరై ఇన్సూరెన్స్ ఉన్న కారు లేకపోతే, మీ కారులో కూర్చుని ఉన్నా వాళ్లకు పీఐపీ వర్తించదు. విమానం టికెట్టుతో పాటే మంచి విజిటర్ ఇన్సూరెన్స్ కొనండి. కారు ప్రమాదాలకు వర్తిస్తుందో లేదో కొనేముందే అడగండి.

దెబ్బ చిన్నదే అనిపించినా మీ ఇన్సూరెన్స్ కంపెనీకి వెంటనే రాతపూర్వకంగా తెలపండి. మెడనొప్పి వారం తర్వాత బయటపడొచ్చు, పీఐపీ క్లెయిమ్‌కు గడువేమో ప్రమాదం జరిగిన రోజు నుంచి ఒక్క ఏడాదే.