కాన్ఫరెన్స్‌కి వెళ్ళడానికి మేనేజర్‌ను ఒప్పించడం ఎలా?

"ఈ కాన్ఫరెన్స్‌కి వెళ్ళొస్తాను" అనగానే మేనేజర్ మనసులో మూడు ప్రశ్నలు మెదులుతాయి. పైవాళ్ళు అడిగితే ఏం చెప్పాలి? ఈ ఖర్చు ఏ పద్దులో చూపించాలి? టీంలో మిగతావాళ్ళు "మరి మా సంగతేంటి?" అంటే ఏమనాలి? ఈ మూడింటికీ జవాబులు మీరే రాసి చేతికిస్తే సరేననడం ఆయనకి తేలికవుతుంది. జవాబులు లేకుండా వెళ్తే "చూద్దాం" అంటారు, రిజిస్ట్రేషన్ గడువు దాటేదాకా ఆ మాట అక్కడే ఉండిపోతుంది.

1. షెడ్యూల్‌తో మొదలుపెట్టండి

సదస్సు ఎంత పేరున్నదైనా, ఆ పేరొక్కటే చూసి డబ్బు ఇవ్వరు. షెడ్యూల్‌లోంచి నాలుగైదు సెషన్లు ఏరండి. ప్రతి సెషన్ పక్కనా మీ టీం చేతిలో ఉన్న పని ఒకటి రాయండి. ఉదాహరణకి, "డేటాబేస్ మైగ్రేషన్ వర్క్‌షాప్: మనం ఆగస్టులో మొదలుపెట్టే బిల్లింగ్ మార్పు". పక్కన రాయడానికి ఏమీ తట్టని సెషన్లే ఎక్కువగా ఉంటే ఈ ఏడాదికి ఆ సదస్సు వదిలేయండి. షెడ్యూల్ ఇంకా రాకపోతే కిందటేడాదిది చూపించవచ్చు, కానీ కిందటేడాదిదని చెప్పే చూపించాలి.

"వీడియోలు తర్వాత యూట్యూబ్‌లో పెడతారుగా?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. అది న్యాయమైన ప్రశ్నే, ప్రసంగాలు వినడానికైతే వీడియో చాలు. అందుకే వీడియోలో దొరకని వాటిని ముందు పెట్టండి: దగ్గరుండి చేయించే వర్క్‌షాపులు, మీరు వాడే సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్ళు స్టాల్ దగ్గర దొరకడం, మీకున్న సమస్యే ఎదుర్కొన్న వేరే కంపెనీల వాళ్ళతో టీ విరామంలో మాట్లాడే వీలు. ఎవరిని ఏం అడగబోతున్నారో రెండు మూడు ప్రశ్నలు కూడా రాసి పెట్టండి. మీరు సీఏ అయితే సీపీఈ గంటలు, డాక్టరైతే సీఎంఈ పాయింట్లు (వృత్తిలో ఉన్నవాళ్ళు నేర్చుకుంటూ ఉండాలని పెట్టిన శిక్షణ లెక్కలు) ఉన్నాయేమో చూసుకోండి. అవి ఎలాగూ సంపాదించుకోవలసినవే కాబట్టి వాదన సగం గెలిచినట్టే.

2. అడిగే వేళ

హైదరాబాద్‌లో ఈ విషయంలో చాలామంది పొరబడతారు. మన కంపెనీల బడ్జెట్ ఏడాది ఎక్కువగా ఏప్రిల్ నుంచి మార్చి దాకా. గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు ఉన్న అమెరికా కంపెనీల సెంటర్లు చాలావాటిలో లెక్క జనవరి నుంచి డిసెంబరు. ముందు మీ ఆఫీసుది ఏదో తెలుసుకోండి. కొత్త బడ్జెట్ రాసే రెండు నెలల్లో అడిగితే అందులో మీ పేరు మీద ఒక పద్దు చేరుతుంది. ఏడాది చివర్లో శిక్షణ డబ్బు మిగిలిపోతే అదీ మంచి సమయమే. మధ్యలో అడిగితే ఇంకొకరి వాటాలోంచి తీయాలి, అక్కడే కష్టం.

సదస్సుకి ఆరు నుంచి ఎనిమిది వారాల ముందు నోరు విప్పండి. ముందస్తు ధర (ముందే నమోదు చేసుకుంటే ఇచ్చే తగ్గింపు ధర) గడువుకు కనీసం పది రోజులు మిగిలి ఉండాలి, అనుమతి రెండు మూడు చేతులు మారుతుంది కాబట్టి. రిలీజ్ వారంలో, అకౌంట్స్ వాళ్ళైతే నెలాఖరులో అడగకండి. అప్రైజల్ మాటల్లో కలిపి అడిగితే జీతానికి బదులు ఇది తీసుకోమంటారు. రెండూ విడివిడిగా ఉంచండి.

విదేశాల్లో సదస్సైతే లెక్క వేరు. షెంగెన్ వీసాకి ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందు చేయాలి. అపాయింట్‌మెంట్ దొరకడానికే వారాలు పట్టవచ్చు కాబట్టి నాలుగు నెలల ముందే కదలండి.

3. ఖర్చు కాగితం

"సుమారు ముప్పై వేలవుతుంది సార్" అని నోటి లెక్క చెప్పి, తర్వాత బిల్లు నలభై వేలు వస్తే వచ్చే ఏడాది మీ మాట చెల్లదు. హైదరాబాద్ నుంచి బెంగళూరులో రెండు రోజుల సదస్సుకి వెళ్తే లెక్క ఇలా వేయవచ్చు. ధరలు ఉదాహరణకే, మీ తేదీలకు సరిచూసుకోండి.

రిజిస్ట్రేషన్ 12,000, దాని మీద 18 శాతం జీఎస్టీ 2,160
రానూపోనూ విమానం 9,000
హోటల్ రెండు రాత్రులు, రాత్రికి 4,500, 5 శాతం జీఎస్టీతో 9,450
విమానాశ్రయాల క్యాబ్‌లు నాలుగు, ఒక్కోటి 1,300 చొప్పున 5,200
భోజనం మూడు రోజులకి 2,400
మొత్తం 40,210 రూపాయలు

చాలామంది మర్చిపోయేది క్యాబ్. విమానాశ్రయాలున్న శంషాబాద్, బెంగళూరు దేవనహళ్ళి రెండూ ఊరికి దూరమే, ఆ నాలుగు ప్రయాణాలే లెక్క తప్పిస్తాయి. రెండు చోట్లా విమానాశ్రయం బస్సులున్నాయి, ఇక్కడ పుష్పక్, అక్కడ వాయు వజ్ర. వాటిలో వెళ్తానని రాస్తే మొత్తం తగ్గుతుంది. కాచిగూడ నుంచి రాత్రి రైల్లో వెళ్తే ఒక హోటల్ రాత్రి మిగులుతుంది.

జీఎస్టీ గురించి ఒక మాట. సదస్సు బిల్లులో కర్ణాటక సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ వేస్తే తెలంగాణలో మాత్రమే నమోదైన కంపెనీకి ఆ పన్ను క్రెడిట్ రాదు. కాబట్టి ఆ 2,160ని వెనక్కి వచ్చే డబ్బుగా చూపించకండి. అకౌంట్స్ వాళ్ళని ముందే ఒకసారి అడిగి, వాళ్ళు చెప్పినట్టే రాయండి. రేపు ఆ కాగితం వాళ్ళ దగ్గరికే వెళ్తుంది.

ఊళ్ళోనే, మాదాపూర్ హెచ్‌ఐసీసీలోనో హైటెక్స్‌లోనో అయితే ప్రవేశ రుసుమూ ఆటో ఖర్చూ తప్ప ఏమీ ఉండదు. కానీ ఊళ్ళో ఉన్నారు కదా అని "మధ్యాహ్నం ఒక గంట ఆఫీసుకి వచ్చిపో" అంటారు, ఒకసారి వెళ్తే ఆ రోజంతా పోయినట్టే. దీనికి ముందే ఒక మాట ఇవ్వండి: సెషన్లు సాయంత్రం అయిదున్నరకి అయిపోతాయి, ఆరున్నర అమెరికా కాల్‌కి నేను ఉంటాను. అక్కడి టీంతో పనిచేసే ఆఫీసుల్లో ఈ ఒక్క వాక్యం చాలా భయం తీరుస్తుంది.

4. మీరు లేని రెండు రోజులు

నిజానికి ఎక్కువమంది మేనేజర్లు వెనకాడేది డబ్బుకంటే దీనికే. "ఎవరో ఒకరు చూసుకుంటారు" అంటే చాలదు. మీ పనుల్లో ఏది ఎవరు చూస్తారో మనిషి పేరుతో రాయండి, రాసేముందు వాళ్ళతో మాట్లాడండి. ఆన్-కాల్ వంతు (ఏ వేళ సమస్య వచ్చినా ఫోన్‌కి అందాల్సిన వంతు) ఉంటే మార్చుకోండి, బదులుగా వాళ్ళ వంతు ఒకటి తీసుకోండి. అడగకుండా పేరు రాస్తే, అది మేనేజర్ ముందు బయటపడిన క్షణంలో మిగతా కాగితమంతా చెల్లకుండా పోతుంది.

5. తిరిగొచ్చాక ఏమిస్తారు

"నాలెడ్జ్ షేరింగ్ చేస్తాను" అన్నది ఎవరూ నమ్మని మాట. తేదీ వేయండి: వచ్చిన వారంలోపు 45 నిమిషాల సెషన్, రెండు పేజీల నోట్, అందులో టీం మార్చుకోవలసిన పద్ధతులు రెండు. "మిగతావాళ్ళ సంగతేంటి" అన్నదానికి కూడా ఇదే జవాబు. "ఈసారి నేను, వచ్చేసారి ఫలానా వాళ్ళు" అని మీరే అంటే ఇంకా మంచిది.

6. ముందు నోటితో, తర్వాత మెయిల్‌తో

మెయిల్ ఒక్కటే పంపితే కాదనడం సులువు. మీ ఇద్దరే కూర్చునే వారపు మీటింగ్‌లో ఐదు నిమిషాలు మాట్లాడి, అదే రోజు మెయిల్ పెట్టండి. ఆఫీసు మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తారనుకోండి, విషయం ఇంతే ఉండాలి:

"మేడమ్, పొద్దున మాట్లాడిన సదస్సు వివరాలు పంపుతున్నాను. తేదీలు, మొత్తం ఖర్చు 40,210. మన బిల్లింగ్ మార్పుకి పనికొచ్చే సెషన్లు నాలుగు, జాబితా కింద ఉంది. ఆ రెండు రోజులు నా పనులు ఎవరు చూస్తారో కూడా రాశాను, వాళ్ళు ఒప్పుకున్నారు. వచ్చిన వారంలోపు టీంకి సెషన్ ఇస్తాను. ముందస్తు ధర 20వ తేదీతో అయిపోతుంది, 15లోగా చెప్తే బుక్ చేస్తాను."

ఈ మెయిల్‌ను ఒక్క అక్షరం మార్చకుండా పైవాళ్ళకి పంపగలిగేలా ఉండాలి. ఐదు రోజుల్లో జవాబు రాకపోతే ఒకసారి గుర్తుచేయండి, రోజూ కాదు.

7. కాదంటే

ఏది అడ్డమో అడగండి. డబ్బైతే ఒక్కరోజు పాస్, ఆన్‌లైన్ పాస్, లేదా ఖర్చు మీరు పెట్టుకుని ఆ రోజుల్ని సెలవుగా కాకుండా డ్యూటీగా లెక్కించమనడం. చివరిదానికి చాలామంది ఒప్పుకుంటారు. ప్రసంగించేవాళ్ళకి సాధారణంగా పాస్ ఉచితం, అయితే ప్రసంగానికి దరఖాస్తు పంపే గడువు నెలల ముందే ముగుస్తుంది, స్లైడ్లకి కంపెనీ అనుమతి కూడా కావాలి. దరఖాస్తు పంపకముందే మేనేజర్‌కి చెప్పండి. అడ్డం పనైతే, ఏ నెల వీలవుతుందో అడిగి ఆ నెలలో ఇంకో సదస్సు చూపించండి.

8. సరేనన్నాక

రాతలో అనుమతి వచ్చేదాకా సొంత కార్డుతో కట్టకండి. బిల్లు కంపెనీ పేరుతో, జీఎస్టీ నంబరుతో తీసుకోండి, తర్వాత మార్పించడం పెద్ద తలనొప్పి. పాస్ రద్దు చేస్తే డబ్బు రాకపోయినా, వేరొకరి పేరుకి మార్చే వీలుందేమో చూడండి. ఉంటే ఆ మాట మేనేజర్‌కి కూడా చెప్పండి. ఖరీదైన శిక్షణకి కొన్ని కంపెనీలు బాండ్ రాయించుకుంటాయి, ఎన్ని నెలలకో చదివి సంతకం పెట్టండి. బోర్డింగ్ పాస్‌లు, క్యాబ్ రసీదులు ఏ రోజువి ఆ రోజే ఫోటో తీసి ఒకే ఫోల్డర్‌లో పెట్టుకుంటే, తిరిగొచ్చిన రోజే క్లెయిమ్ వేసేయవచ్చు.