ఆనికాయలకి మెడికల్ షాపు పట్టీ వేసే ముందు ఇది చదవండి

ముందు అది ఆనికాయేనా కాదా తేల్చుకోండి. అరికాల్లో గట్టిగా ఏదొచ్చినా మనోళ్ళు ఆనికాయ అనేస్తారు గానీ పులిపిరి కూడా అలాగే ఉంటుంది, ఒక్కోసారి గట్టు మీద గుచ్చుకుని లోపల విరిగిపోయిన ఈత ముల్లు కూడా అలాగే గట్టిపడిపోతుంది. పైనుంచి వేలితో నొక్కితే ప్రాణం లాగేస్తే ఆనికాయ, రెండు పక్కల నుంచి గిల్లినట్టు నొక్కితే నెప్పి ఎక్కువై పైన చిన్న చిన్న నల్ల చుక్కలు కనిపిస్తే చాలావరకు పులిపిరి. పులిపిరి వైరస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది కూడా. ఆనికాయ అంటుకోదండి, ఒకేచోట ఒత్తిడీ రాపిడీ పడీ పడీ చర్మం మందం కట్టడమే అది.

షుగర్ ఉన్నవాళ్ళు మాత్రం ఇక్కడితో ఆగిపోండి, పట్టీ వద్దు, ఆనికాయకి రాసే పెయింటు మందూ వద్దు. కాళ్ళకి స్పర్శ తగ్గి ఉంటే మందు లోపలికి తినేస్తున్నా తెలీదు, పుండు పడితే ఓ పట్టాన మానదు. కాళ్ళకి రక్తం సరిగ్గా అందనివాళ్ళూ అంతే, ఆస్పిరిన్ పడనివాళ్ళు కూడా వాడకూడదు. ఇంట్లో పెద్దాళ్ళు షుగర్ టెస్టు చేయించుకోకుండానే పట్టీ అంటించేసుకుంటారు, కాస్త కనిపెట్టి ఉండండి.

షాపులో దొరికేవి రెండు రకాలు, కార్న్ క్యాప్ అనే గుండ్రటి పట్టీ, చిన్న సీసాలో వచ్చే పెయింటు. రెండిట్లోనూ పనిచేసేది సాలిసిలిక్ యాసిడ్డే, పట్టీల్లో మామూలుగా 40 శాతం, పెయింట్లో 17 దాకా. ఇది మందం కట్టిన చర్మాన్ని మెత్తబరిచి పొరలుగా ఊడగొడుతుంది, వేరుతో సహా లాగేస్తుందనేది వట్టిమాట, ఆనికాయకి అసలు వేరే ఉండదు. పైగా మంచి చర్మమేదో గట్టి చర్మమేదో ఆ యాసిడ్‌కి తేడా తెలీదు.

రాత్రి పనులయ్యాక గోరువెచ్చటి నీళ్ళల్లో ఓ 10, 15 నిమిషాలు కాళ్ళు పెట్టుకోండి, తర్వాత కాళ్ళు రుద్దుకునే రాయితో పైపైన మెల్లగా రుద్దండి, రక్తం వచ్చేలా కాదు. శుభ్రంగా తుడిచి పూర్తిగా ఆరనిచ్చి, పట్టీ మధ్యలో ఉన్న మందు బిళ్ళ సరిగ్గా ఆనికాయ మీదే పడేలా అంటించండి, బిళ్ళ పెద్దదైతే కత్తిరించుకోండి. పెయింటైతే చుట్టూ వాజిలిన్ రాసి మధ్యలో ఒక్క చుక్క వేసి ఆరనివ్వాలి, అది ఇట్టే అంటుకునే సరుకు కాబట్టి పొయ్యి దగ్గరా దీపం దగ్గరా వద్దు. పట్టీ ఎన్నాళ్ళకి మార్చాలో డబ్బా మీద రాసుంటుంది, మార్చినప్పుడల్లా తెల్లగా నానిన చర్మాన్ని మళ్ళీ రుద్దేయండి. ఎర్రబడి భగ్గుమంటే వెంటనే తీసేసి కడిగేయడమే. రెండు వారాలు చూసినా తగ్గకపోతే, లేదా చీము పట్టినా, ఇంక లాగకుండా చర్మం డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

వేళ్ళ సందుల్లో మెత్తగా తెల్లగా వచ్చేది వేరే రకం ఆనికాయ, చిటికెన వేలు పక్కన ఎక్కువగా వస్తుంది. నాట్ల రోజుల్లో, రొయ్యల చెరువుల దగ్గర కాళ్ళు తడిలోనే నానే మన వైపు అక్కడ చర్మం ముందే పాచిపోయి ఉంటుంది, దాని మీద పట్టీ వేస్తే యాసిడ్ పక్క వేలికి కూడా పాకేస్తుంది. దానికి పొడిగా తుడుచుకుని సందులో కాస్త దూది పెట్టుకోవడమే మంచి పని.

కొందరు ఆనికాయ మీద రాసే జిల్లేడు పాలు, నల్లజీడి రసం ఈ రెండూ చర్మాన్ని కాల్చేస్తాయి, జిల్లేడు పాలు పొరపాటున కంట్లో పడితే కంటికే ముప్పు. బ్లేడు పెట్టి చెక్కడం గురించి వేరే చెప్పాలా, అదే కాలితో మర్నాడు బురదలో దిగుతారాయె.

ఇన్ని చేసినా చెప్పులు మార్చకపోతే మళ్ళీ అక్కడే వస్తుంది, జనం వదిలేసేది ఇదే. అయ్యప్ప మాలలో ఉత్తికాళ్ళతో తిరిగినప్పుడు వచ్చినవైతే మాల తీశాక తగ్గొచ్చు గానీ, వేళ్ళ దగ్గర ఇరుగ్గా ఉండే బూట్లూ, అరిగిపోయిన హవాయి చెప్పులూ రోజూ వేసుకునేవాళ్ళకి పట్టీ ఖర్చు దండగ. మెత్తటి ఎంసీఆర్ (స్పాంజిలాంటి రబ్బరు) చెప్పులు అడగండి, సాయంత్రం పూట కొనుక్కోండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సైజు సరిగ్గా తెలుస్తుంది. కొత్తవి అలవాటయ్యేదాకా మందు లేని మెత్తటి రింగు ప్యాడ్ ఆనికాయ చుట్టూ వేసుకుంటే నడవడానికి సుఖంగా ఉంటుంది.